ఆ మాత్ర హీరో కాదండోయ్, క్యారెక్టర్ యాక్టరే!

“యమదొంగ” (2007)లో నటించిన మమతా మోహన్‌దాస్ గుర్తుంది కదూ? “రాఖీ” (2006)లో టైటిల్ పాట పాడిన గొంతూ ఆమెదే. తనకు బొల్లి వచ్చిందనీ, ఒంటి రంగు పోతోందనీ 2023 జనవరిలో ఆమె తనంత తానే లోకానికి చెప్పేసింది. మొహమే పెట్టుబడి అయిన వృత్తిలో ఉండి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! మైకేల్ జాక్సన్ అంతటివాడు కూడా 1993లో ఓప్రా విన్‌ఫ్రే అడిగేదాకా ఈ సంగతి నోరు విప్పి చెప్పలేదు. “తెల్లబడాలని చర్మం మార్పించుకుంటున్నాడు” అని ఆడిపోసుకున్నవాళ్లు ఎందరో. అతను చెప్పింది నిజమేనని 2009లో పోస్ట్‌మార్టం తేల్చింది.

సరే, తారల సంగతి అలా ఉంచండి. మన ఇళ్లల్లో ఆడపిల్ల పెదవి పక్కన తెల్లమచ్చ కనబడితే చాలు, పెళ్లి బెంగ మొదలు! చేపలు తిని పాలు తాగిందని ఒకరంటారు. పులుపు మానెయ్యమని ఇంకొకరంటారు. “యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగు, మచ్చ మాయం” అన్నది కొత్త సలహా.

ఇది ఉత్త గాలి కబురేం కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పేరుకుని వాటిని దెబ్బతీస్తాయి. ఆపైన ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే వాటి మీద పడతాయి. కాపలావాడే ఇంటివాణ్ణి కొట్టినట్టు! ఆ పెరాక్సైడ్ ధాటి తగ్గిద్దామనే ఈ మాత్రలు.

చండీగఢ్ పి.జి.ఐ. డాక్టర్లు జింకో బైలోబా ఆకు సారాన్ని 40 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇచ్చి చూశారు. మెల్లగా పాకే మచ్చలు చాలామందిలో ఆగాయని 2003లో ప్రకటించారు. కాంతి చికిత్సకు పాలీపోడియం అనే ఫెర్న్ మొక్క సారం తోడైతే మొహం, మెడ మీద రంగు కాస్త మెరుగ్గా వచ్చిందని 2007లో మరో పరిశీలన చెప్పింది. రెండింటిలోనూ రోగులు సుమారు యాభైమంది చొప్పునే. అంత చిన్న లెక్కతో “మాయం” అనడం సాహసం కాదూ?

అసలు హీరో ఎవరంటారా? 311 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ కాంతి, డాక్టరు రాసే పూతమందులు. అమెరికాలో 2022లో రుక్సోలిటినిబ్ క్రీముకు కూడా అనుమతి వచ్చింది. వెంట్రుక కుదుళ్లలో మిగిలిన రంగు కణాలే మళ్లీ పైకి పాకి మచ్చను నింపుతాయి. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయంటే ఆ నిల్వ అయిపోయినట్టే, ఆపైన రంగు రావడం కష్టం. మాత్రల్ని నమ్ముకుని నెలలు పోగొట్టుకుంటే జరిగే నష్టం అదే!

పోనీ, మాత్రేగా, ఏం చేస్తుందిలే అనుకోకండి. ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడేవాళ్లు జింకో మింగితే రక్తస్రావం ప్రమాదం ఉంది. పొగతాగేవాళ్లు బీటా కెరోటిన్ మాత్రలు వాడితే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో ఫిన్లాండ్‌లో తేలింది.

కాబట్టి మచ్చ కనబడగానే ముందు చర్మవైద్యుణ్ణి కలవండి. మాత్ర కావాలంటే ఆయన్నే అడగండి. ఇంకొక్క మాట. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్టు అసలే కాదు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని భోంచెయ్యండి. ఏ సీసాలోనూ దొరకని మందు అది!