పడవకొక పుట దక్కరాదా?

ఒక్క తెరచాప పడవకు విజ్ఞాన సర్వస్వంలో ప్రత్యేక వ్యాసమెందుకని అడిగేవారి మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కీర్తి నావికుడిది, పడవ అతడి వాహనం మాత్రమే. కనుక దాని సంగతి అతని వ్యాసంలోనే రెండు వాక్యాల్లో తేల్చేయమంటారు. నా అభ్యంతరమంతా ఆ తేల్చేయడం మీదనే. ఆ రెండు వాక్యాల కింద ఏమేమి మునిగిపోతాయో చూడండి.

సుహేలి అనే 32 అడుగుల పడవ 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు విడిచింది. 312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న, మళ్ళీ అక్కడికే చేరింది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి నావికుడిగా రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ చరిత్రకెక్కాడు. ఆ పందెంలో బయలుదేరిన తొమ్మండుగురిలో గమ్యం చేరినవాడు అతడొక్కడే. ఇదంతా అతని వ్యాసంలో ఉండవలసినదే. అయితే ఆ పడవ పుట్టినది బొంబాయిలో. టేకు కలపతో దానిని మలచినవారు మన వడ్రంగులు. అన్ని నెలలు మహాసముద్రాల పోటుకు ఓర్చినది నావికుడి ధైర్యమొక్కటేనా? వారి పనితనం కాదా? నావికుడి జీవితకథలో ఈ సంగతికి దక్కేది "బొంబాయిలో కట్టిన" అనే విశేషణం. పడవ కథలోనైతే అది తొలి అధ్యాయం.

ఇక తారిణి. గోవాలో తయారైన ఈ 56 అడుగుల పడవ 2017లో భారత నౌకాదళంలో చేరింది. ఆ ఏడు సెప్టెంబరు 10న వర్తికా జోషి నాయకత్వాన ఆరుగురు మహిళా అధికారులు దీనిపై బయలుదేరి, 2018 మే 21న ప్రపంచాన్ని చుట్టి తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 2024 అక్టోబరు 2న ఇదే పడవపై దిల్నా, రూపా అనే ఇద్దరే బయలుదేరి 2025 మే 29న తిరిగి గోవా చేరారు. ఇప్పుడు చెప్పండి, తారిణి కథను ఎవరి వ్యాసంలో ఇముడ్చుతారు? రెండు యాత్రలనూ కలిపే దారం పడవే గదా!

"అలాగైతే ప్రతి దోనెకూ ఒక వ్యాసం రాయాలా?" అంటారు. అక్కర లేదు. ఆ పడవతో స్వార్థసంబంధం లేనివారు దానిని గురించి వివరంగా రాసి ఉండాలి. నావికుడి పేరు తీసివేసినా చెప్పదగిన కథ మిగలాలి. ఈ రెండూ లేని పడవకు ఏదో పందెం పట్టికలో ఒక వరుస చాలు. ఈ కొలత నాకిష్టమైన పడవకు ఎదురు తిరిగినా సరే. సుహేలి నమూనాలోనే గోవాలో కట్టిన తురీయపై అభిలాష్ టామీ 2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో పాల్గొన్నాడు. ఆ సెప్టెంబరులో హిందూ మహాసముద్రపు తుపానులో దాని తెరచాప కొయ్య విరిగింది, అతని వెన్ను దెబ్బతిన్నది. మనసు కలచే ఉదంతమే. కాని అది అతని జీవితకథలోనూ ఆ పందెపు చరిత్రలోనూ పూర్తిగా ఇమిడిపోతుంది. కనుక తురీయకు వేరే వ్యాసం అడగను.

వాహనమే గదా అని వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఆ నాణేలు వేయించిన రాజుల పేర్లు చదువుకొంటున్నాం. ఆ ఓడల్లో ఒక్కదాని పేరైనా, కట్టినవారిలో ఒక్కరి పేరైనా మనలో ఎవరికి తెలుసు?

పడవ వ్యాసాన్ని కొట్టివేయమనేవారు ముందుగా అందులోని ప్రతి సంగతికీ మరొకచోట తగిన తావు చూపించాలి. చూపగలిగితే నిరభ్యంతరంగా కొట్టివేయవచ్చు. చూపలేనప్పుడు వారు తొలగించేది పడవను మాత్రమే కాదు, దానిని కట్టిన చేతులను కూడా.