ఫిఫ్టీనా, ఫిఫ్టీయా? ఓష్‌కోష్ విమానాల తిరునాళ్ళ ముచ్చట

ఈసారి పురుగుమందులు, మార్కెట్ రేట్లు కాకుండా విమానాల గురించి రాస్తున్నా. వీడికేమైంది అనుకోకుండా ఆఖరిదాకా చదవండి.

మా అక్క కొడుకు షికాగోలో ఉంటాడు. జూలై ఆఖర్లో పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఓష్‌కోష్ అనే ఊరికి ఎయిర్‌షో చూడ్డానికి పోయాడు. మన కోటప్పకొండకి ప్రభలు వచ్చినట్టు అక్కడికి వారంలో పదివేలకు పైగా విమానాలు వస్తాయి. అన్నీ చూసొచ్చి వాడు నాకు గంటసేపు చెప్పింది ఒక సిమ్యులేటర్ గురించి.

సిమ్యులేటర్ అంటే కుర్చీ, ముందు తెర, చేతిలో స్టీరింగ్ లాంటిది. మనిషి నేల మీదే, విమానం తెర మీద. "పిల్లల వీడియో గేమేగా" అన్నా నేను. కాదంట. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, అవతల నిజం మనిషిని కంట్రోలర్‌గా కూర్చోబెట్టారు. ఆయన వేరే ఊళ్ళో తన కంప్యూటర్ ముందు ఉన్నా వీడి విమానం ఆయన తెర మీద చుక్కలాగా కనపడుతుంది. ఎంత ఎత్తులో పోవాలో, ఎటు తిరగాలో ఆయన చెబితే వీడు అదే మాట తిరిగి అప్పజెప్పాలి. తప్పు చెబితే ఆయన సరిచేస్తాడు. "మామయ్యా, విమానం తిప్పగలిగా గానీ మైకు నొక్కగానే నోరు ఎండిపోయింది" అన్నాడు.

నన్నడిగితే ఎయిర్‌షోల్లో జనానికి చూపించాల్సింది ఇదే. పల్టీలు చూసి చప్పట్లు కొట్టి ఇంటికి వస్తాం, అంతే. ఈ కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే మాట వినడం ఎంత కష్టమో తెలుస్తుంది.

1977 మార్చిలో స్పెయిన్ వాళ్ళ టెనెరిఫే దీవిలో, పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. అనుమతి రాకముందే ఒక పైలట్ టేకాఫ్ మొదలుపెట్టాడు. టవర్ నుంచి "ఓకే" అన్న మాట వినపడింది. ఆగమన్న మాట, రెండో విమానం వాళ్ళ మాట ఒకేసారి రేడియోలోకి వచ్చి కూత తప్ప సరిగా వినపడలా. టేకాఫ్ అనే మాటని అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని ఆ తర్వాతే కట్టుదిట్టం చేశారు.

మనం ఫోన్‌లో ఎన్నిసార్లు "సరే సరే" అంటాం? మూడేళ్ళ కింద మిరపకి మందు డోసు అడిగితే షాపాయన ఫిఫ్టీన్ ఎంఎల్ అన్నాడు. ట్రాక్టర్ మోతలో నాకు ఫిఫ్టీ అని వినపడింది. ఎకరం తోట ఆకు మాడింది. తప్పు ఆయనది కాదు, నాదే, తిరిగి చెప్పలా. విమానాల వాళ్ళు దిక్కు చెప్పేటప్పుడు అంకెలు విడివిడిగా పలుకుతారు, వన్ ఫైవ్ జీరో అని. ఇప్పుడు నేనూ షాపాయనతో "వన్ ఫైవ్ ఎంఎల్, అంతేగా?" అంటున్నా. నవ్వుతాడు, నవ్వనీ.

ఓష్‌కోష్‌లో ఇంకో వింత. చిన్న విమానాల్లో వచ్చే అసలు పైలట్లు రైలు పట్టాల వెంబడి 1800 అడుగుల ఎత్తున, 90 నాట్స్ వేగంతో ఒకరి వెనక ఒకరు రావాలి. (ఈ నాట్స్ మన వరి నాట్లు కాదు, గంటకి 167 కిలోమీటర్లు.) ఫిస్క్ అనే చోట కంట్రోలర్లు కింద నుంచి చూసి, రంగు చెప్పి పిలిచి రెక్కలు ఊపమంటారు. పైలట్ నోరు తెరవడు, రెక్కలు ఊపుతాడు. విన్నాననడానికి అదే జవాబు.

మనిషి ఎందుకు, కంప్యూటర్ గొంతు పెడితే చాలదా అని మా వాడినే అడిగా. కంప్యూటర్‌కి విసుగు రాదు, యాస ఉండదు, నలుగురు ఒకేసారి మాట్లాడితే తికమకపడదు. అసలు ఇబ్బంది అంతా అక్కడే ఉంది, నేర్చుకోవాల్సిందీ అదే.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. వ్యాట్‌సిమ్ అని 2001 నుంచి నడుస్తోంది. కంట్రోలర్లు జీతం లేకుండా, శిక్షణ తీసుకుని కూర్చుంటారు. ఇంట్లో కంప్యూటర్ ఉండి 13 ఏళ్ళు నిండితే ఉచితంగా చేరొచ్చు. శంషాబాద్ నుంచి కూడా ఎగరొచ్చు.

రెండేళ్ళకోసారి బేగంపేటలో వింగ్స్ ఇండియా పెడతారుగా. జనాన్ని రానిచ్చే రోజుల్లో ఇలాంటి కుర్చీలు నాలుగు, అవతల మాట్లాడే మనుషుల్ని నలుగుర్ని పెట్టమని అడుగుదాం. పెడితే మా ఊరి హైస్కూల్ పిల్లల్ని నేనే బస్సెక్కించి తీసుకెళ్తా. ఆ పని తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, లేదా మీ పిల్లల్లో ఉంటే, కింద రాయండి.