షుగర్ అన్‌ఇన్‌స్టాల్ అవుతుందా?

"ఒరేయ్, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే షుగర్ ఇక రాదటగా?" అని మొన్న మావయ్య ఫోన్‌లో అడిగాడు. అవుననబోయి, స్వీడన్ లెక్కలు గుర్తొచ్చి ఆగాను.

అక్కడ ఈ సర్జరీ చేయించుకున్న షుగర్ పేషెంట్లని ఏళ్లతరబడి గమనించారు. రెండేళ్లకి వందలో 72 మందికి మందుల్లేకుండానే షుగర్ నార్మల్. 15 ఏళ్లకి అలా మిగిలింది 30 మందే!

మరి డబ్బు దండగేనా? కాదు. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్లలో ఆ సంఖ్య ఏడు కూడా లేదు. కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం కూడా సర్జరీ వాళ్లలో దాదాపు సగమే. షుగర్ కొత్తగా వచ్చినవాళ్లకి ఫలితం ఇంకా బాగుంది.

మావయ్యకి ఒకటే చెప్పా: "డాక్టర్ సరేనంటే చేయించుకోండి. షుగర్ తగ్గినా టెస్టులు మాత్రం మానకండి. అది చెప్పకుండా తిరిగొచ్చే చుట్టం."