తాళంచెవి ఎవరి దగ్గర?

1989లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ‘లేడీస్మిత్’ అనే రివాల్వరును స్త్రీల కోసమే తయారుచేశామంటూ మార్కెట్లోకి తెచ్చింది. 2014లో కాన్పూరులోని మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే రివాల్వరును అదేమాట చెప్పి విడుదల చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీలో సామూహిక అత్యాచారానికి బలైన యువతిని పత్రికలు ‘నిర్భయ’ అన్నాయి. ఆ పేరునే కొంచెం మార్చి తుపాకికి తగిలించారు. బరువు అర కిలో. ధర లక్షా ఇరవై వేల రూపాయల పైమాటే. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. దేశాలు వేరైనా స్త్రీలకు చెప్పింది ఒకటే: మీ భద్రత మీరే కొనుక్కోండి.

ఆత్మరక్షణ కోరుకునే స్త్రీని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఓర్చుకోమని, సర్దుకోమని చెప్పేవాళ్ళు ఎటూ చాలామందే ఉన్నారు. ఒంటరిగా బతికే స్త్రీ భయం నిజమైనది. పోలీసుల మీద ఆమెకు నమ్మకం లేకపోవడానికి కారణాలూ నిజమైనవే. మా ప్రశ్న వేరు. ఇంటి రక్షణ కోసమని తెచ్చిన తుపాకి ఆ ఇంట్లోని స్త్రీని రక్షిస్తున్నదా?

తుపాకిని సమర్థించేవాళ్ళు దీనికి రెండు జవాబులు చెబుతారు: శిక్షణ, భద్రంగా దాచడం. రెండూ అవసరమైనవే. తూటాలు తీసేసి తుపాకికి తాళం వేయాలి. తూటాలను వేరే చోట, వేరే తాళం కింద ఉంచాలి. చేతిలోకి తీసుకున్న ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకోవాలి. పిల్లల చేతికి అందేలా తుపాకిని వదిలేసిన పెద్దలను శిక్షించే చట్టాన్ని అమెరికాలో మొదట చేసింది ఫ్లోరిడా రాష్ట్రం, 1989లో. 2020లో ఆ దేశంలో పిల్లల, కౌమారుల మరణాలకు కారణాల్లో తుపాకి మొదటి స్థానానికి చేరింది. ఈ జాగ్రత్తలు ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అయితే ఈ వాదనలోనే ఒక వైరుధ్యం ఉంది. తాళంలో ఉన్న ఖాళీ తుపాకి అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు అక్కరకు రాదు. అక్కరకు వచ్చేలా దిండు కింద పెట్టుకుంటే పిల్లవాడికీ అందుతుంది, కోపంలో ఉన్న భర్తకూ అందుతుంది. వాషింగ్టన్ నగరంలో ఇళ్ళలోని తుపాకులను విడదీసి గానీ, ట్రిగ్గరుకు తాళం వేసి గానీ ఉంచాలన్న నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో కొట్టేసింది. ఆత్మరక్షణకు అది అడ్డమన్నది.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. శిక్షణ పాఠాలు దొంగను ఊహించుకుని తయారవుతాయి. దాచే పద్ధతులు పిల్లలను దృష్టిలో పెట్టుకుంటాయి. ఈ రెండింటిలోనూ ఇంటి యజమాని మాత్రం ఎప్పుడూ నమ్మదగినవాడే! శిక్షణ పొందేదీ, లైసెన్సు ఉండేదీ, తాళంచెవి ఉండేదీ ఎక్కువగా అతని దగ్గరే. భార్యను కొట్టేవాడు కూడా తుపాకిని నియమం ప్రకారమే బీరువాలో పెట్టుకోగలడు. అది అక్కడుందని ఆమెకు తెలిస్తే చాలు, తీయనక్కరలేకుండానే ఆమె నోరు మూతపడుతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని పదకొండు నగరాల్లో జాక్విలిన్ కాంప్‌బెల్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. హింసించే పురుషుడికి తుపాకి అందుబాటులో ఉంటే స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని అది తేల్చింది. కాలిఫోర్నియాలో జరిగిన మరో పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. చేతి తుపాకి ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉంటున్నవారు జీవిత భాగస్వామి తూటాకు బలయ్యే అవకాశం, తుపాకి లేని ఇళ్ళవారికంటే ఏడు రెట్లు ఎక్కువ. అలా బలైనవారిలో నూటికి 84 మంది స్త్రీలు.

1989లోనే కెనడాలోని మాంట్రియల్‌లో, ఫెమినిస్టుల మీద ద్వేషంతో ఒక యువకుడు ఇంజనీరింగు కళాశాలలో 14 మంది స్త్రీలను కాల్చి చంపాడు. ఆ తర్వాత సాగిన ఉద్యమం ఫలితంగా అక్కడ 1995లో ఆయుధాల చట్టం వచ్చింది. దాని ప్రకారం, తుపాకి లైసెన్సు కోరేవాడి జీవిత భాగస్వామికి ఆ సంగతి తెలియజేయాలి. అమెరికాలో గృహహింస కేసుల్లో కోర్టు రక్షణ ఉత్తర్వుకు లోబడినవారు తుపాకి ఉంచుకోకూడదన్న నిషేధం 1994లో వచ్చింది. దాన్ని 2024లో సుప్రీంకోర్టు రహీమీ కేసులో సమర్థించింది.

ఇదంతా మనకెందుకని అనుకోవద్దు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. భర్త హింస భరించలేని అమ్మాయి అక్కడి నుంచి పుట్టింటికి ఫోను చేస్తే, వాళ్ళు మనలాంటి సంఘాల తలుపు తడతారు. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇవీ ఉండాలి: ఇంట్లో తుపాకి ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర? ఎప్పుడైనా చూపించి బెదిరించాడా? ఉందంటే, తుపాకిని తనే తీసి దాచే ప్రయత్నం చేయొద్దని, ఇల్లు వదిలే ఆలోచన అతనికి తెలియనివ్వొద్దని చెప్పాలి. వదిలివెళ్ళే సమయమే అన్నిటికంటే ప్రమాదకరమైనది.

ఇక్కడా చేయవలసింది ఉంది. 2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల ప్రకారం, మేజిస్ట్రేటు ఆదేశిస్తే రక్షణాధికారి పోలీసుల సాయంతో ఆ హింసలో వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. ఈ అంశాన్ని మన పిటిషన్లలో విడిగా రాసి అడగాలి. 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షను ప్రజాభద్రత కోసం లైసెన్సును రద్దుచేసే అధికారం ఇస్తున్నది. ప్రజల్లో ఆ ఇంటి ఇల్లాలు కూడా ఉందని అధికారులకు మనం గుర్తుచేయాలి. లైసెన్సు ఇచ్చేముందు భార్యతో విడిగా మాట్లాడాలని కోరాలి.

తుపాకి ఎంత భద్రంగా ఉందో విచారించే చట్టం, దాని పక్కన బతుకుతున్న స్త్రీ ఎంత భద్రంగా ఉందో కూడా విచారించాలి. ఆ విచారణ మొదలయ్యేదాకా ఇంటి రక్షణ అనే మాటలో ఇల్లంటే ఎవరని మనం అడుగుతూనే ఉండాలి.