మెడలో గొలుసే కాదు... పొలం గొలుసూ తెలియాలి

మెడలో గొలుసు ఎన్ని తులాలని అడగండి, నిద్రలో లేపినా చెబుతాం. తరుగు ఎంత పోయిందో కూడా చెబుతాం. అదే మన పేరు మీదున్న పొలానికి తూర్పు గెట్టు ఎన్ని అడుగులని అడిగితే? "మా ఆయనకు తెలుసు", "తమ్ముణ్ణి అడగాలి" అంటాం. నేనూ మొన్నటిదాకా అలా అన్నదాన్నే.

డిచ్‌పల్లి దగ్గర నాకు 15 గుంటల పసుపు చేను ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. రెండేళ్ల కిందట కొలతకు వచ్చినవాళ్లు "మగవాళ్లెవరూ లేరా?" అని అడిగారు. నేను చాయ్ పోయించి, వేపచెట్టు కింద నిలబడ్డాను. చివరికి "అంతా సరిగ్గానే ఉందమ్మా" అంటే సంతకం పెట్టేశాను. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో అడగాలన్న ఆలోచనే రాలేదు.

పోయిన వేసవిలో మా సంఘం ఆడవాళ్లం పన్నెండుమందిమి ఒక ఆదివారం బడి ఆవరణలో పాత గొలుసు కొలత నేర్చుకున్నాం. ఒకప్పుడు సర్వేలో గొలుసు లాగిన తాత నేర్పాడు. తాడైతే సాగుతుందని ఇనుప తీగ తెప్పించి, 33 అడుగులకు కోయించాడు. నిజాం రాజ్యపు సర్వేలో గొలుసు పొడవు అంతే. 1620లో ఇంగ్లండులో గుంటర్ తయారుచేసిన గొలుసు 66 అడుగులు, మనది అందులో సగం. నేల మీద 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పుతో ముగ్గుపిండి పోసి చూశాం. అదే ఒక గుంట! అలాంటివి 40 అయితే ఎకరం. రోజూ నోట నానే మాటను అప్పుడే మొదటిసారి కళ్లారా చూశాం.

మూలమట్టం పట్టడం ఇంకా సులువు. తాడుతో 9, 12, 15 అడుగుల భుజాలు వచ్చేలా ముగ్గురం పట్టుకుంటే చాలు, మూల ఖచ్చితంగా నిలుస్తుంది. "గుంజి పట్టు బిడ్డా" అని తాత ఒకటే కేకలు.

ఆ తర్వాత టిప్పన్ నకలు తెచ్చుకున్నాను. అది పొలం కొలతలు రాసిన పాత పటం. మా చేనుకు ఈ మూల నుంచి ఎదురు మూలకు 6 గొలుసులు. ఆ గీతకు ఒకవైపు మూల 2 గొలుసుల దూరం, రెండోవైపు మూల 3. రెండూ కలిపితే 5. ఆరైదుల ముప్పై, అందులో సగం 15 గుంటలు. లెక్క ఇంతే! చేలో మేం కొలిస్తే 3 ఉండాల్సిన చోట 11 అడుగులు తక్కువొచ్చింది. అంటే ఒక గుంట పోయింది. ఏటా దున్నకంలో గెట్టు కొంచెం కొంచెం లోపలికి జరిగిందన్నమాట.

మా తీగ కొలత ఆఫీసులో చెల్లదు, నాకు తెలుసు. మళ్లీ కొలవమని దరఖాస్తు పెట్టాను, ఇంకా తేలలేదు. కానీ ఈసారి వేపచెట్టు కింద నిలబడను. టిప్పన్ పట్టుకుని గెట్టు మీద నిలబడతాను.

ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో కొలిచే మిషన్లు వచ్చాయి, ఈ పాత విద్య ఎందుకని కొందరంటారు. మిషన్ చూపే అంకె సరైనదో కాదో పోల్చుకోవడానికి మన దగ్గరున్నది ఆ పాత పటమే కదా! అది చదవడం రాకపోతే ఎవరేం చెప్పినా తల ఊపాల్సిందే.

1985 నుంచి మన రాష్ట్రంలో, 2005 నుంచి దేశమంతటా ఉమ్మడి ఆస్తిలో హిందూ ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. చట్టం కాగితం మీద పేరు రాయిస్తుంది గానీ గెట్టుకు కాపలా కాయదు. ప్రతి మహిళా సంఘం ఏడాదికి ఒక్క ఆదివారం దీనికి కేటాయించాలి. బడుల్లో లెక్కల టీచర్లు ఆడపిల్లల్ని ఒక్కపూట పొలానికి తీసుకెళ్లాలి.

గిద్దె, సోల, మానిక తేడా రాకుండా కొలిచే చేతులు మనవి. ఈ గొలుసు మనకు బరువా?