ఠాణే పిచ్చాసుపత్రి పాత రిజిస్టర్లు చిత్తుకాగితాల కింద పోకూడదు

కామాటిపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో ఉంటున్న అన్నలకు, అక్కలకు, పెద్దలకు –

"వాణ్ని ఠాణే పంపించారు." మన పెద్దలు గొంతు తగ్గించి అనేవారు ఈ మాట. ఆ తర్వాత ఆ మనిషి పేరు ఇంట్లో వినపడేది కాదు. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని భయం. ఇంట్లో కొట్టేసిన ఆ పేరు ఆసుపత్రి రిజిస్టర్లో ఇంకా ఉండొచ్చు.

కొలాబా పిచ్చాసుపత్రిలో రోగులు పట్టక, 1901లో ఠాణే నౌపాడాలో నరోత్తమదాస్ మాధవదాస్ పేరిట కొత్తది తెరిచారు. 1912 లూనసీ చట్టం కింద ఎవరినైనా ఉత్తర్వు మీద లోపల పెట్టాలంటే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. అందులో రెండు భాగాలు. డాక్టరు తానే చూసిన పిచ్చి లక్షణాలు ఒకటి, ఇతరులు చెప్పినవి ఇంకొకటి. పాలమూరు నుంచి రాళ్లెత్తే కూలికొచ్చి, దిగులుతో తెలుగులో ఏదో అన్న కామాటి గురించి ఆ మొదటి భాగంలో ఏం రాసి ఉంటారు? రాసినాయనకు తెలుగు వచ్చా? మనవాడి మొరను పిచ్చికూతల కింద కట్టారా? చూడాలంటే కాగితం ఉండాలి. ఆ చట్టం 1993 దాకా నడిచింది, కాబట్టి ఇది తాతముత్తాతల సంగతి మాత్రమే కాదు.

ఇప్పుడు తొందరెందుకంటే, ఆ ఆసుపత్రి స్థలంలో కొంత కొత్త రైల్వే స్టేషనుకు పోతోంది, ఆసుపత్రినీ కొత్తగా కట్టాలంటున్నారు. గది ఖాళీ చేసేటప్పుడు మొదట బయట పారేసేది పాత కాగితమే. చాళ్లు ఖాళీ చేసిన మనకు ఆ సంగతి ఒకరు చెప్పాలా!

బొంబాయి పిచ్చాసుపత్రుల వార్షిక నివేదికలను ఎక్కడో స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. సంతోషమే, కానీ వాటిలో ఎక్కువగా ఉండేది తలల లెక్క. బెంగళూరు నిమ్హాన్స్‌లో పాత కేసు ఫైళ్లను డాక్టర్లు, చరిత్రకారులు కలిసి చదివారు. ఠాణేలో ఎందుకు కాదు?

2005 నాటి మహారాష్ట్ర ప్రభుత్వ రికార్డుల చట్టం ఉంది. దాని ప్రకారం, ఒక్క గోడ పడకముందే, ప్రతి రిజిస్టరునూ జాబితా కట్టి, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి చేర్చాలని అడుగుదాం. చదివేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లుండాలి. మరాఠీ, ఇంగ్లిషు రాతలో మన ఇంటిపేర్లు ఏ రూపం పొందాయో వాళ్లకే తెలుస్తుంది. పరువు పోతుందని జంకేవాళ్ల భయమూ న్యాయమైనదే: 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి గోప్యతను కాపాడమంటోంది. పేర్లు నలుగురిలో పెట్టొద్దు. రక్తసంబంధీకులు అడిగితే మాత్రం చూపించే పద్ధతి రాసిపెట్టాలి.

ఆరోగ్య శాఖకు ఇచ్చే అర్జీ మీద సంతకం చేయండి. ట్రంకుపెట్టె అడుగున ఆసుపత్రి చీటీ గానీ, అక్కణ్నుంచి వచ్చిన కార్డు గానీ ఉంటే ఈ కరపత్రం ఇచ్చినవాళ్లకు చూపించండి. ఇవ్వనక్కర్లేదు, చూపిస్తే చాలు.