నీరా యేల నిలువకున్నది?

తెల్లవారుజామున తాటిచెట్టు మొదట త్రాగిన నీరా తేనెను మరపించును. ఆ నీరాయే పది గంటల వేళకు పట్టణపు టంగడికి చేరుసరికి పులిసి, నురుగెత్తి, కల్లువాసన గొట్టును. కొన్నవాడు ఒక గ్రుక్క త్రాగి తక్కినది పారబోయును. మరునాడు ఆ వంకకు రాడు. నీరా ప్రచారమంతయు ఎన్నో యేండ్లుగా ఈ యొక్క గ్రుక్కలోనే మునిగిపోవుచున్నదని మా యభిప్రాయము.

మద్యనిషేధమును గూర్చి మన దేశమున జరిగిన యుపన్యాసములకు లెక్కలేదు. 1921లో కల్లుదుకాణముల ముందు పికెటింగు జరిగినది. 1937లో సేలమునందు, 1938లో చిత్తూరు, కడప జిల్లాలయందు నిషేధశాసనము అమలునకు వచ్చినది. 1954లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధపు తగవులోనే కూలిపోయినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో సడలినది. గాంధీమహాత్ముడు 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమున సయితము నీరాను ప్రస్తావింపక విడువలేదు. ఇంత జరిగినను, నీరాకు వలయు చల్లదనమును చెట్టుపైకి చేర్చు పని మాత్రము మిక్కిలి వెనుకబడియున్నది. శాసనము చేయుట సులభము. ముంత కడుగుట కష్టము కాబోలు!

రసము చెట్టులో నున్నంతవరకు నిర్మలము. గెల కొనను కత్తితో చెక్కినంతనే సూక్ష్మజీవులు దానిలో దిగును. గాలిలోనివి కొన్ని, కత్తికంటినవి కొన్ని, ఈగలు చీమలు తెచ్చినవి కొన్ని. అన్నింటికంటె నెక్కువగా ముంత గోడల సందులలో దాగియున్నవి. వానిలో ఈస్టు అనునది చక్కెరను మద్యసారముగను బొగ్గుపులుసు గాలిగను మార్చును. నురుగు ఆ గాలి వలననే పుట్టును. మరికొన్ని జీవులు రసమును పుల్లబరచును. కొన్ని జిగురుగా సాగునట్లు చేయును. తేటగా నుండవలసిన నీరా పాలవలె తెల్లబడుట ఈ జీవుల గుంపు వలననే. ఒక దినము గడచునప్పటికి అందు మద్యసారము నూటికి సుమారు 4, 5 పాళ్లగును. ఆపైన పులిసి పులిసి సిర్కాయగును.

కల్లు దించు గీతకాడు పాతముంతను కడుగక మరల కట్టుట సోమరితనము కాదు. అడుగున మిగిలిన మడ్డియే క్రొత్తరసమునకు తోడు. పాలకు మజ్జిగచుక్క యెట్టిదో కల్లునకు ఆ మడ్డి యట్టిది. అది తరతరముల విద్య. నీరాకు కావలసినది సరిగా దీనికి తలక్రిందులైన విద్య. ఆ ముంతతోనే, ఆ కత్తితోనే, ఆ యలవాటుతోనే నీరా దింపుమని యతనికి చెప్పి, పులిసినదని నిందించుట న్యాయమా?

పాశ్చాత్య దేశములలో కొందరు గృహస్థులు పీపాబీరును ఇంటనే అమర్చుకొందురు. ఆ పానీయమును మేము మెచ్చుటలేదు. ఆ శ్రద్ధను మెచ్చుచున్నాము. పీపాను 3 డిగ్రీల చలిలో నుంతురు. బొగ్గుపులుసు గాలిని కొలిచి యెక్కింతురు. గ్లాసులో నురుగు మిక్కుటమైనచో బీరును తిట్టరు. గొట్టము పీపాకంటె వెచ్చగా నున్నదా, మరీ పొట్టిదైనదా, గాలియొత్తిడి హెచ్చినదా, లోపల మురికి పట్టినదా యని ఒక్కొక్కటిగా వెదకుదురు. జాగరూకులైనవారు రెండువారముల కొకసారి గొట్టమును క్షారజలముతో కడుగుదురు. మత్తుపానీయమునకు వారు చేయు నీ యుపచారములో సగమైనను నిర్దోషమైన నీరాకు మనము చేయరాదా?

మనవారు పూర్వమునుండి యెరిగిన యుపాయము సున్నము. ముంతలోపల సున్నము పూసినచో రసము క్షారమై ఈస్టు విజృంభింపదు. బెల్లము వండుటకు ఇది చక్కని సాధనము. త్రాగుటకు మాత్రము చిక్కులున్నవి: తక్కువైన పులియును, ఎక్కువైన నాలుక మండును. వంగదేశమున ఈతరసము దించువారు కుండలకు పొగబెట్టుదురు. ఇదియు మంచి పద్ధతియే. అయితే నీరాను నీరాగా పట్టణము చేర్చగలది చలి యొక్కటే.

ఆ చలి యెక్కడ నుండవలె ననుటలోనే అసలు పొరపాటున్నది. సాయంకాలము కట్టిన ముంత తెల్లవారినగాని దిగదు. పది పండ్రెండు గంటలు అది చెట్టుపైననే యుండును. పులియుట అక్కడనే యారంభమగును. తరువాత దానిని ఎంత చల్లని బండిలో నెక్కించినను జరిగిన పని వెనుకకు పోదు. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థవారు కొబ్బరిగెలకు మంచుగడ్డల పెట్టెను కట్టి, చెట్టుపైననే రసమును చల్లబరచి దించు విధానమును కనిపెట్టి, ఆ రసమునకు కల్పరస మని పేరిడిరి. తాటికిని ఇదే తర్కము వర్తించును. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున ప్రభుత్వమువారు నీరా కేఫ్ తెరచిరి, సంతోషము. కాని అంగడి చివరి మెట్టు. మొదటి మెట్టు తాటితోపులో నున్నది.

కొనువారికిని ఒక మాట. నీరాను ఇంటికి తీసికొనిపోవువారు ఉడుకునీట కడిగిన గాజుపాత్రనో ఉక్కుపాత్రనో కొనిపోవలెను. ఇంటికి చేరగనే శీతలపేటికలో నుంచి పూటలోపల త్రాగవలెను. మూతతీసిన బుస్సుమన్నను, తెల్లబడినను, జిగురుసాగినను అది నీరా కాదు. పిల్లలకు పోయరాదు. బిగించిన సీసాలో నిలువయుంచుట ప్రమాదము. గాలి హెచ్చి సీసా పగులును.

ఇక వ్యయము. మోకు నడుమునకు కట్టి, ప్రాణము నరచేత బట్టుకొని దినమునకు రెండుమారులు ఎక్కిదిగు గీతకానికి రెండవజత ముంతలు, మంచుపెట్టె, మంచుగడ్డ ఎవరిత్తురు? కల్లునకు ఇవేవియు నక్కరలేదు. కల్తీకల్లునకు చెట్టే యక్కరలేదు. నీళ్లు, ఆల్ప్రాజోలము, డయాజిపాము వంటి మందులు చాలును. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్లు త్రాగి పలువురు కూలిజనులు ప్రాణములు గోల్పోయిరి. చెట్టెక్కువాడు నష్టపడుచు, మందుపొడి కలుపువాడు లాభపడుచు నున్నంతకాలము నీరా నిలువదు.

కావున గీతకాండ్ర సహకార సంఘములకు ఊరూర మంచుపెట్టెలను, కడుగుటకు తొట్టిని, వేడినీటి పొయ్యిని ఈయవలెనని మేము కోరుచున్నాము. తేటగా తెచ్చిన నీరాకు కల్లుకంటె హెచ్చు ధరను తోపులోనే రొక్కముగా చెల్లింపవలెను. తాటిగీత వేసవికి ముందే మొదలగును; ఆ పెట్టెలు అంతకుముందే తోపులకు చేరవలెను.